అనసూయమ్మ అసలు వయసు

ఈ ఉదయం మా ఆసుపత్రి క్యాంటీన్‌లో ఎవరి చేతిలోంచో స్టీలు పళ్లెం జారి నేల మీద పడింది. పడ్డ పళ్లెం ఒక్క చప్పుడుతో ఊరుకోదు. గుండ్రంగా తిరుగుతూ, మోగుతూ, ఎవరైనా కాలు పెట్టి ఆపేదాకా ప్రాణం తీస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. నేను మాత్రం టీ గ్లాసు పట్టుకుని, 'ఇది పలచటి రేకు, రెండు నెలల్లో సొట్టపోతుంది' అనుకున్నాను. అనుకున్నాక నాకే నవ్వొచ్చింది. చప్పుడు విని గిన్నె మందం చెప్పడం నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత టీ తాగలేకపోయాను, సీట్లో కూడా కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆమె పేరు అనసూయమ్మ. వరంగల్ బజారులో ఆమెకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. కొట్టు కిరాయిది, బోర్డు మీద పేరు భర్తది, నడిపేది మాత్రం ఆమె. నేను డిగ్రీ అయిపోయి, రాసిన పరీక్షల్లో ఒక్కదాని ఫలితమూ కలిసిరాక, ఇంట్లో అమ్మ చూపులు భరించలేక ఆ కొట్టులో పనికి చేరాను. బజారంతా ఆమెను సావుకారమ్మ అనేది. నేను అమ్మా అనేదాన్ని. ఆమెకు నా మీద కోపం వచ్చినా ప్రేమ వచ్చినా నోట్లోంచి వచ్చేది 'పిల్లా' అన్న ఒక్క మాటే. కొట్టులో ఆమె కోసం ఒక కుర్చీ వేసి ఉండేది గానీ దాని మీద ఎప్పుడూ గిన్నెలే కూర్చునేవి. ఆమె మాత్రం తుడుస్తూ, సర్దుతూ, సర్దినవి మళ్లీ తీస్తూ తిరుగుతూనే ఉండేది. గిరాకీకి వచ్చినవాళ్లు నోరు తెరిచేలోపే వాళ్లకేం కావాలో చెప్పేది. సగం సార్లు తప్పు చెప్పేది. అయినా మానేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక రైతు కుటుంబం పెళ్లి సామాను కొనడానికి వచ్చింది. నాకేమో మొదటి గిరాకీ అన్న హుషారు. ఒక పెద్ద బిందె తీసి, మెరుపు చూడండి, మెడ చూడండి అంటూ మొదలుపెట్టాను. వాళ్లూ మెత్తబడుతున్నారు. అనసూయమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి, నా చేతిలోంచి బిందె లాక్కుని తలకిందులుగా తిప్పింది. "ఇగో, ఈడ అడుగు జర నొక్కుకపోయింది చూడుండ్రి. నీళ్లు ఆగుతయి, ఫికర్ లేదు. గని గచ్చు మీద పెడితె కదులుతది. అయినా మంచిదే అనుకుంటె తీస్కోండ్రి" అంది. వాళ్లు ఇంకో బిందె తీసుకున్నారు, దానికీ ఆమె అడుగే ముందు చూపించింది. వాళ్లు వెళ్లాక నేను మొహం మాడ్చుకుంటే ఆమె పకపకా నవ్వింది. "మంచి సంగతి వాళ్ల కండ్లకే కనవడతది పిల్లా. చెడ్డ సంగతి మనం చెప్పకుంటె ఇంటికి పొయ్యినంక బిందె చెప్తది. అప్పుడు తిట్లు బిందెకు పడయి, మనకు పడతయి."

ఆ కొట్టులో నాలుగేళ్లు పనిచేశాను. తర్వాత హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా ఉద్యోగం దొరికింది. గేటు లోపలికి రాగానే కనిపించే చిన్న బల్ల వెనక కూర్చుని, సర్కారు వైద్య పథకాల కింద ఎవరికి ఏ చికిత్స ఉచితంగా దొరుకుతుందో చెప్పడం, కాగితాలు పంపడం, అనుమతి వచ్చేదాకా వెంటపడడం నా పని. ఆ కబురు చెప్పడానికి స్వీటు డబ్బా పట్టుకుని వెళ్తే అనసూయమ్మ డబ్బా తెరవకుండానే అడిగింది. "దవాఖానల కూసొని ఏం అమ్ముతవే?"

"ఏం అమ్మనమ్మా. కార్డు ఎట్ల వాడుకోవాల్నో చెప్పాలె, అంతే."

"అయితె అది గూడ అడుగు చూపించే ఇయ్యి" అని, అప్పుడు తీసుకుంది స్వీటు.

అప్పుడు ఆ మాట నాకు అంతగా ఎక్కలేదు. ఉద్యోగంలో మొదట్లో నేనూ అందరిలాగే మంచి సంగతులే ముందు చెప్పేదాన్ని. గుండెకు వస్తుంది, కిడ్నీకి వస్తుంది, ఎముకలకు వస్తుంది. ముసలివాళ్ల మొహాలు వెలిగిపోయేవి, నాకూ బాగుండేది. తర్వాత అదే మనుషులు మందుల చీటీ పట్టుకుని వచ్చి, "కార్డు ఉన్నది గద బిడ్డా, గోలీలకు పైసలు ఎందుకు అడుగుతాండ్రు?" అని నిలదీసేవాళ్లు. అప్పుడు వాళ్ల మొహం చూడలేకపోయేదాన్ని. అందుకని పద్ధతి మార్చాను. ఎవరొచ్చినా ముందు ఏది రాదో చెప్పడం మొదలుపెట్టాను. ఊరికే చూపించుకుని పోతే రాదు, ఆసుపత్రిలో చేరితేనే వస్తుంది. రోజూ మింగే బీపీ గోలీలకు, షుగరు గోలీలకు రాదు. పథకంలో పేరున్న ఆసుపత్రిలోనే చెల్లుతుంది, పక్క వీధిలోని మీకు తెలిసిన డాక్టరు దగ్గర చెల్లదు. అనుమతి రాకముందే ఆపరేషన్ చేయించుకుని తర్వాత కాగితాలు తెస్తానంటే కుదరదు. మా సూపర్‌వైజర్ ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "మీరు జనాన్ని బెదరగొడుతున్నారు మేడం" అన్నాడు. బెదిరినా నయమే, మోసపోయామని ఏడవకుండా పోతారు అన్నాను. ఆయనకు నచ్చలేదు. నేను మార్చుకోలేదు.

అనసూయమ్మకు ఆయాసం మొదలైంది ఆ రోజుల్లోనే. కొట్టులో అటక మీదికి ఎక్కే మూడు మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కుతోందని చూసి నేనే పట్టుబట్టి పరీక్షలు చేయించాను. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో అడ్డంకులున్నాయని, ఆపరేషన్ చేయాలని తేలింది. "ఇవ్వాళో రేపో అని కాదు గానీ నాన్చొద్దు" అన్నాడు డాక్టరు. అక్కడ మొదలయ్యాయి మా తిప్పలు. ఆమెకు రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. కార్డు ఎందుకు లేదంటే, ఒకప్పుడు ఉన్న తెల్లకార్డును ఆమె భర్తే తీసుకుపోయి వాపసు ఇచ్చేశాడు. బియ్యం దుకాణం ముందు వరుసలో తన పేరు పిలిస్తే బజారులో ఇజ్జత్ పోతుందని ఆయన బాధ. కొట్టులో గిరాకీ ఎట్లా ఉన్నా పైకి సావుకారుగా కనిపించాలి. బజారులో అట్లా కార్డులు వదులుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. భర్త పోయాక ఆమె మళ్లీ పెట్టుకున్న దరఖాస్తు ఎక్కడో ఆగి ఉంది. కూతురు పద్మ నెక్కొండలో ఉంటుంది, అల్లుడికి చిన్న ఎరువుల దుకాణం. దుకాణం తాకట్టు పెడతామని వాళ్లిద్దరూ వస్తే ఈమె వాళ్లను చాయ్ తాగించి పంపించేసింది.

సరిగ్గా ఆ సమయానికి డెబ్భై దాటిన వాళ్లకు కొత్త కార్డు వచ్చింది. ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూడరు, రేషన్ కార్డు అడగరు, ఆధార్‌లో డెబ్భై నిండితే చాలు. కబురు చేతికి రాగానే నేను భోజనం డబ్బా మూత కూడా పెట్టకుండా బస్సెక్కాను. అనసూయమ్మకు డెబ్భై మూడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఎవరైనా ఆమె ముందు వయసు మాటెత్తితే చాలు, "డెబ్బై మూడేండ్లదాన్ని నేను నిలవడ్డ, నువ్వు కూసుంటవా?" అని కూర్చున్నవాళ్లను లేపేది. కొట్టులో నిలబడి వగరుస్తూనే ముందు ఏది రాదో చెప్పాను. తర్వాత ఏది వస్తుందో చెప్పాను. ఆపరేషన్ వస్తుంది అన్నాను. ఆమె మొదటిసారి ఆ కుర్చీ మీది గిన్నెలు తీసి కింద పెట్టి కూర్చుంది.

ఫోన్‌లో ఆధార్ నంబరు కొట్టాను. అర్హత లేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. కార్డు తెప్పించి చూస్తే అందులో ఆమె వయసు అరవై ఆరు. నేను ఆధార్ తీసినవాణ్ని, వాణ్ని పంపినవాణ్ని అందరినీ కలిపి తిట్టడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"వాళ్లను తిట్టకు పిల్లా. నేనే చెప్పిన" అంది. "మా ఆయన పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు మా సుట్టమే. వయసు జర తక్కువ రాయిస్తె కిస్తు తక్కువ పడతది అన్నడు. ఆయన ఏడేండ్లు తగ్గించుకున్నడు. ఆయన తగ్గినంక నేను ఆయన కంటె పెద్దదాన్ని అయితె ఎట్ల? నన్ను గూడ తగ్గించిండ్రు. ఆధార్ కాడ గదే చెప్పిన. ఇన్నేండ్ల సంది ఏ కాగితం మీదనైనా గదే రాయించుకుంట వచ్చినం గద."

నాకు ఆమె మీద కోపం వచ్చింది, దాచుకోను. ప్రతి గిన్నె అడుగూ తిప్పి చూపించిన మనిషి ఈ ఒక్కదాన్ని ఎందుకు బోర్లించి ఉంచింది అని అడిగేయబోయాను. కానీ ఆ కుర్చీలో ఆమె ఇంత చిన్న మనిషిలా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. ఆరోగ్య బీమా దొరకకుండా చేసింది ఆ పాత జీవిత బీమానే. ఈ సంగతికి నవ్వాలో ఏడవాలో తెలియక షట్టర్ దగ్గరికీ కౌంటర్ దగ్గరికీ తిరిగాను.

వయసు సరిచేయాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాలి. డెబ్భై మూడేళ్ల కింద ఖిలా వరంగల్‌లో ఇంట్లోనే పుట్టిన ఆడపిల్లకు సర్టిఫికెట్ ఎక్కడిది? ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గ్లాసు ఒకటి ఉంది, బారసాలకు మేనమామ పెట్టింది. దాని మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు, పుట్టిన సంవత్సరం కొట్టించి ఉన్నాయి. ఆ గ్లాసు పట్టుకుని నాకు చెప్పకుండానే ఆధార్ సెంటర్‌కు పోయింది. అక్కడి అబ్బాయి గ్లాసు స్కాన్ కాదమ్మా అన్నాడట. "గిన్నె మీద కొట్టిన పేరు తప్పు పడదు, నీ కంప్యూటర్లనే తప్పులు పడతయి" అని వాడితో పోట్లాడి వచ్చింది. చెబుతూ నవ్వింది గానీ, ఆ నాలుగు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది.

మా ఆసుపత్రి బయట తిరిగే ఒకతను పాత బడి సర్టిఫికెట్ పుట్టిస్తానన్నాడు. నేను సరేనన్నాను. అందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. మనిషి నిజంగా డెబ్భై మూడేళ్లదైతే, ఆ నిజాన్ని దొంగ కాగితం మీద రాయిస్తే ఏమవుతుంది అనుకున్నాను. అనసూయమ్మ మాత్రం ఆ మాట వినగానే చేతిలోని గుడ్డ నా మీదికి విసిరింది. "ఒక్క అబద్ధానికే గీడిదాక వచ్చినం. ఇంకోటి ఆడుదామంటవా? నా సంగతి ఇడిసిపెట్టు, దొరికితె నీ కొలువు పోతది. నీ బల్ల కాడికి వచ్చే ముసలోళ్లకు ఎవరు చెప్తరే అప్పుడు? పో, వానికి వద్దని చెప్పి రా పో." పోయి చెప్పి వచ్చాను.

ఇక మిగిలింది పొడుగు దారి. పుట్టిన నమోదు లేదని ఒక కాగితం తెచ్చుకుని, ఆలస్యంగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకుని, పుట్టుక తెలిసిన పెద్దలను సాక్ష్యం తీసుకురావాలి. ఖిలా వరంగల్ నుంచి ఆమెకు వరసకు బావ అయ్యే వీరేశం వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, తెల్లటి పంచె, కొత్త చెప్పులు. ఆఫీసులో అధికారి ఆయన ఆధార్ చూసి, మళ్లీ ఆయన మొహం చూశాడు.

"పెద్దమనిషీ, దీని లెక్కన నువ్వు ఈమె కంటే చిన్నోడివి. ఈమె పుట్టినప్పుడు నువ్వింకా పుట్టనే లేదు. చూసిన అని ఎట్ల సంతకం పెడతవు?"

వీరేశానికి పౌరుషం వచ్చింది. "నేను పుట్టకపోవుడేంది సారూ! ఈమెను సంకన ఎత్తుకొని కోట దర్వాజ దాక తిప్పిన. మా అమ్మ తిట్టింది గూడ, పిల్లను పడేస్తవురా అని. ఆధార్ తీసెటాయన నీ వయసెంత అంటె, అరవై లోపు ఏదో ఒకటి రాసుకో అన్న. గంతే."

అనసూయమ్మ గోడ పట్టుకుని నవ్వింది. అధికారీ నవ్వాడు, ఆయన మంచివాడే. కానీ నవ్వి, ఇంకో సాక్షిని తీసుకురమ్మన్నాడు. ఆమెను పసిపిల్లగా చూసిన మనిషి కావాలి, ఆ మనిషి ఇంకా బతికి ఉండాలి, పైగా ఆధార్‌లో వాళ్ల వయసు సరిగా ఉండాలి. ఈ మూడూ ఒక్క మనిషిలో దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పద్మ వెతికి వెతికి నెక్కొండలో తల్లి పుట్టింటి వైపు చుట్టమైన ఒక ముసలమ్మను పట్టుకుంది. ఆమెను కారులో తీసుకొచ్చి సంతకం పెట్టించాం. తర్వాత విచారణ, ఆ తర్వాత ఆర్డరు, ఆ తర్వాత సర్టిఫికెట్, ఆ తర్వాత మళ్లీ ఆధార్. నేను రోజూ పొద్దున ఫోన్ తీసి మార్పు అయిందా అని చూసేదాన్ని. బల్ల దగ్గర ఎవరితో మాట్లాడుతున్నా కాళ్లు ఆడిస్తూనే ఉండేదాన్ని. నాన్చొద్దు అన్న డాక్టరు మాట చెవిలో మోగుతూనే ఉండేది, మేమేమో నాన్చుతూనే ఉన్నాం.

ఒక మధ్యాహ్నం కొట్టులో గిరాకీతో మాట్లాడుతూనే ఆమె కూలిపోయింది. పక్క కొట్టు వాళ్లు సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ప్రాణం నిలబెట్టారు. ఆమె ఇంటికి వచ్చిన వారానికి ఆధార్‌లో వయసు మారింది. నేను అక్కడికక్కడే నంబరు కొట్టాను, ఆమె వేలిముద్ర పెట్టించాను, కార్డు వచ్చేసింది. దాన్ని ప్రింటు తీసి పట్టుకుని డాక్టరు గదిలోకి తలుపు కూడా తట్టకుండా వెళ్లాను. ఆయన కొత్త పరీక్షలు చాలాసేపు చూశాడు. గుండె బాగా బలహీనపడిందని, ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీదికి తీసుకుంటే తిరిగి దింపుతానన్న నమ్మకం లేదని చెప్పాడు.

"కార్డు వచ్చింది సార్" అన్నాను.

"ఇప్పుడు సమస్య కార్డు కాదమ్మా" అన్నాడు.

ఆయన బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాను.

సాయంత్రం అనసూయమ్మ ఇంటికి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను గానీ, ఆమె నా మొహం చూసి, "అడుగు చూపించు పిల్లా" అంది. చెప్పాను. "మరి రోజు మింగే గోలీలకు వస్తదా గీ కార్డు?" అని అడిగింది. రాదు అన్నాను. "అయితె అద్దాల బీరువల పెట్టుకునేదే" అంది. అని, నేను ఏడుస్తుంటే నా తల మీద చెయ్యి వేసి కసురుకుంది. "ఏడువకు. నాకు చూడబుద్ధి కాదు. లేచి లైటు వెయ్యి."

ఆమె ఇక మంచం దిగదనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే ఆటో మాట్లాడుకుని మా ఆసుపత్రికి వచ్చింది. నా బల్ల ఎదుటి బెంచీ మీద కూర్చుని, ముసలివాళ్లు ఎవరొచ్చినా పలకరించడం మొదలుపెట్టింది. పలకరింపు అంటే కుశలం కాదు. "ఆధార్ల నీ వయసెంత? అసలు వయసెంత?" ఇదొక్కటే. కొందరు మొహం తిప్పుకునేవాళ్లు, ఒకాయన తిట్టాడు, సెక్యూరిటీ అతను రెండుసార్లు లేపబోయాడు. ఆమె లేవలేదు. పింఛను కోసం వయసు పెంచుకున్నవాళ్లు, కూలి పనికి పిలవరని తగ్గించుకున్నవాళ్లు, తీసేవాడు ఏదో రాసుకుంటే వేలిముద్ర వేసి వచ్చినవాళ్లు, బెంచీ మీద ఒక్కొక్కరే బయటపడ్డారు. తేడా ఉన్నవాళ్లను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చేది. "రోగం వచ్చినంక కాదు, ఇప్పుడే దిద్దుకోండ్రి. నన్ను చూడుండ్రి, నా అడుగు నేనే చూపిస్తాన" అని, తన కథంతా వాళ్లకు చెప్పేది. సావుకారమ్మ అని పిలిపించుకున్న మనిషి, బజారులో ఇజ్జత్ కోసం ఇంటిల్లిపాదీ దాచుకున్న సంగతిని ముక్కూమొహం తెలియని వాళ్లకు ఎలుగెత్తి చెబుతుంటే నాకు వినలేక లోపలికి పోవాలనిపించేది. పోయేదాన్ని కాదు. అట్లా దిద్దించుకున్నవాళ్లలో మడికొండ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఒకామె, తర్వాత గుండె ఆపరేషన్ అదే కార్డు మీద చేయించుకుంది. ఆమె డిశ్చార్జి అయి వెళ్తుంటే అనసూయమ్మ లేచి గేటు దాకా సాగనంపి వచ్చింది. ఆ తర్వాత బెంచీ మీదికి ఎక్కువ రోజులు రాలేకపోయింది. నెక్కొండలో కూతురి ఇంట్లో పోయింది.

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తేలదు. పోయిన భర్త మీదనా, ఆ సుట్టం ఏజెంటు మీదనా, సాక్షి కావాలన్న ఆ మంచి అధికారి మీదనా, ఎవరి మీద పెట్టినా నిలవదు. నిలవని కోపం నన్ను కూర్చోనివ్వదు. బస్సులో పక్కన ముసలివాళ్లు కూర్చుంటే నా నోరు ఊరుకోదు. పెళ్లిళ్లలో భోజనం దగ్గర కూడా అడుగుతానని మా ఇంట్లోవాళ్లు నాతో కలిసి రావడానికి జంకుతున్నారు. ఈ రోజు మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. ఆమెకేమీ రోగం లేదు, మనవరాలి కాన్పుకు వచ్చి బాత్రూం ఎటో అడగడానికి నా దగ్గర ఆగింది. దారి చూపించాను. ఆమె రెండడుగులు వేశాక ఉండబట్టలేక లేచి వెంట వెళ్లాను.

"అవ్వా, నీ అసలు వయసెంత?"

ఆమె ఆగి నన్ను ఎగాదిగా చూసింది. "నా వయసుతోని నీకేం పని బిడ్డా? నేను మంచిగనే ఉన్న గద."

"మంచిగున్నవనే అడుగుతాన అవ్వా" అన్నాను. "జర చెప్పిపో."